తెల్లచీర రంగు

అక్టోబరు 5, శనివారం

నా కొడుకు విల్సన్‌కు కంపెనీలో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలుగా బియ్యం డబ్బా మీద ఖాళీగా పడి ఉంది. ఈ రోజు తెరిచాను. ఆదివారపు బడిలో నేర్చిన అక్షరాలు నావి. వంకరగా ఉంటే ఉండనీ, చదివేది నేనే.

విల్సన్ అన్నం తింటూ చెప్పాడు. సమాధుల పండగలోపు వాళ్ళ నాయన సమాధికి ఫోటో పలక పెట్టిస్తాడట. పింగాణీ పలక మీద ముఖం అచ్చువేసి కొలిమిలో కాలుస్తారట. వందేళ్ళయినా ఎండకూ వానకూ చెరగదట.

"నలభై అయిదేండ్లుగా వట్టి సిలువ నిలబడుకోని ఉండాదమ్మా. రూబెన్ అని పేరు గూడా చెరిగిపోయినాది. లోపల ఎవురు పండుకోనుండేదని అడిగితే ముఖం చూపించల్ల గదా" అన్నాడు.

"మంచిదప్పా" అన్నాను. మజ్జిగ పోయబోయి వాడి అన్నంలో నీళ్ళు పోశాను.

ఆయనది అంటూ ఉన్నది మా పెండ్లి ఫోటో ఒక్కటే. నా పెట్టెలో అడుగున, బైబిలు కింద ఉంది. దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. వందేళ్ళు చెరగదు అన్నాడు. తప్పుగా వచ్చినా చెరగదు కదా.

అక్టోబరు 6, ఆదివారం

ఫోటో తీసి మనవరాలికి ఇచ్చాను. ఏంజెలిన్ మా ముందు గదిలోనే స్టూడియో పెట్టుకుంది. కెమెరా, కంప్యూటరు, గోడకు ఒక నీలం గుడ్డ, లైట్లకు రెండు గొడుగులు. ఇంట్లో గొడుగు విప్పి పెడితే అరిష్టం అని మొదట్లో నాలుగు రోజులు నిద్రపోలేదు నేను.

ఫోటో అంతా ఎర్రబడిపోయింది. ఇటుకలబట్టీ పొగలో నిలబడినట్టు ఉన్నాము ఇద్దరమూ. ఆకాశం ఎరుపు, ఆయన ముఖం ఎరుపు, వెనక బంగారు గని సైనైడు దిబ్బ ఎరుపు. 1971లో రంగుల రీలు అంటే మా గని కూలీల లైన్లలో ఎవరూ చూడలేదు. ఆయనతో గనిలోకి షిఫ్టుకు దిగే రోనాల్డ్ అన్న ఎక్కడినుంచో ఒక రీలు తెచ్చి, చర్చి గోడ దగ్గర నిలబెట్టి తీశాడు. సాయంత్రం నాలుగు గంటలకు.

"తాత ఏ రంగుండె అవ్వా?" అని అడిగింది ఏంజెలిన్.

కళ్ళు మూసుకొని వెతికాను. మూడేళ్ళ కాపురం. ఆయనది ఎక్కువగా రాత్రి షిఫ్టు. ఇంటికి వచ్చేటప్పుడు రాతిపొడి పూసుకొని బూడిదగుమ్మడికాయలా వచ్చేవాడు. పోయేటప్పుడు లాంతరు వెలుతురులో బంగారంలా పోయేవాడు. మధ్యలో ఉన్న మనిషి ఏ రంగు?

"చామనచాయ" అన్నాను.

"చామనచాయలో నూరు రకాలుండాయి అవ్వా. సరే, వద్దులే. ఫోటోలో తెల్లగా ఉండేది ఒకటి చూపిస్తే చాలు. ఇది తెలుపు అని కంప్యూటరుకు చెప్తే, దాన్ని తెలుపు చేస్తాది. దానెంబడే మిగతా రంగులన్నీ వాటి చోటికి వచ్చేస్తాయి." తెర మీద వేలు పెట్టింది. "నీ చీర తెల్లదే గదా?"

"తెల్లదే" అన్నాను.

అక్టోబరు 7, సోమవారం

చీర తెల్లదే.

అక్టోబరు 9, బుధవారం

పక్కింటి నాగరత్న పాస్‌పోర్టు ఫోటోకు వచ్చింది. రవికలు కుట్టే మనిషి. నోరు కూడా మిషనులాగే ఆడుతుంది. ఫోటో చూసి కుర్చీలో కూలబడింది.

"ఏమ్మే ఏంజెలినూ, నేనేం పాపం చేసినానని ఇంత నల్లగా తీసినావు?"

"ఉండే రంగే తీసినాను అక్కా."

"ఉండే రంగు అద్దంలో రోజూ చూసుకుంటాను. దానికి పౌడరు పూసుకోని నీ కాడికి రావల్నా? ముళబాగిలులో మా చెల్లెల్ని ఎంత తెల్లగా తీసినారు తెలుసా, మా బావే గుర్తుపట్టలేదు."

"అదే గదా అక్కా నేను చెప్పేది. ఆఫీసులో నిన్ను గుర్తుపట్టకుంటే ఏం చేస్తావు?"

నాగరత్న నవ్వింది. కోపం మాత్రం ఉంది. ఏంజెలిన్ ఒక తెల్ల అట్ట తెచ్చి ఆమె గడ్డం కింద పట్టుకోమంది. ట్యూబులైటు ఆర్పి, కిటికీ తెరిచి, ముందు అట్టను ఫోటో తీసి, తర్వాత నాగరత్నను తీసింది. ఈసారి నిజంగా నాగరత్నే. నలుపే, కానీ వెచ్చగా, పొద్దున లేచి వాకిట్లో ముగ్గు వేస్తున్నట్టు ఉంది.

"ఇందాక ట్యూబులైటు నీ మొగానికి పచ్చరంగు పూసినాది. మన కంటికి తెలీదు, కన్ను సర్దుకుంటాది. కెమెరాకు సర్దుకునేది రాదు. ఉండేది ఉన్నట్టు చెప్తాది" అంది ఏంజెలిన్.

ఆ మాట నాతో కాదు అన్నది. అయినా మధ్యాహ్నమంతా నా వెనకే తిరిగింది. కన్ను సర్దుకుంటుంది. నలభై ఎనిమిదేళ్ళు సర్దుకుంటుందా?

అక్టోబరు 11, శుక్రవారం

ఏంజెలిన్ పిలిచింది. పోయి చూశాను.

చీర తెల్లగా వచ్చింది. మల్లెపువ్వులా. నేను గుర్తుపట్టాను, నా మనసులో ఉన్న చీర అదే.

ఆయన ముఖం నీలంగా ఉంది. పెదవులు సీసం రంగు. చేతులు బావిలో నానినట్టు.

"ఏమో తప్పయినాదవ్వా. చీరను తెలుపు చేస్తే తాతకు ప్రాణం పోతావుండాది" అంది.

పాపకు తెలియదు తాను ఏమన్నదో. గోడ పట్టుకొని వంటింట్లోకి వచ్చాను. గ్యాసు ఆపానో లేదో మూడుసార్లు చూసుకున్నాను.

అక్టోబరు 12, శనివారం

తెల్లవారుజామున కల. గనిలోకి దిగే షాఫ్టులో నీళ్ళు నిండి ఉన్నాయి. గని మూసేశాక కింద అంతా నీళ్ళే అంటారు. ఆ నీళ్ళలో నా చీర పరుచుకొని దిగుతోంది, తొందర లేకుండా, తామరాకు దిగినట్టు. లోపల ఎక్కడో దీపం. దీపం దాటి చీర ఇంకా లోపలికి పోతోంది. అడుగున ఆయన నిలబడి పైకి చూస్తున్నాడు. చీర మీద పడితే పట్టుకోవాలని రెండు చేతులూ చాచాడు. లేచాను.

రాస్తాను. ఒకసారి రాస్తే మనసు ఊరుకుంటుందేమో.

పెండ్లికి తెల్లచీర కట్టమన్నది పాదిరిగారు. చర్చివాళ్ళే కొనిచ్చారు. నాయన గనిలో చేరిన ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాడు, అమ్మ కూడా తీసుకుంది. కానీ అమ్మ మదనపల్లె పక్క పల్లెనుంచి తెచ్చుకున్నవి కొన్ని ఆ నీళ్ళకు పోలేదు. చీర చూసి అమ్మ తిండి మానేసింది. "మొగుడు పోయినోళ్ళు కట్టేది నా బిడ్డకు పెండ్లినాడు కట్టిస్తారా" అంది. పెండ్లి ముందురోజు పసుపు కలిపిన నీళ్ళలో చీర ముంచి తీసింది. "లేత పసుపు. ఎవురికీ కనబడదు. వాని ఆయుస్సుకు ఇది చాలు" అంది.

నాకు సిగ్గు. పాదిరిగారు చూస్తే ఏమంటారు, పాటలు పాడే పిల్లలు నవ్వుతారు అని. మునిమాపున అమ్మ కొళాయికి పోయినప్పుడు తొట్టిలో వేసి సబ్బు రుద్దాను. సబ్బు తగలగానే పసుపు ఎర్రగా మారింది. నీళ్ళు నెత్తురులా అయ్యాయి. భయపడి ఆపలేదు, భయపడి ఇంకా రుద్దాను. ఎన్ని నీళ్ళు మార్చానో. చివరికి లాంతరు దగ్గర పెట్టి చూశాను. తెల్లగా ఉంది.

పొద్దున అమ్మ వాకిట్లో చీర విప్పి వెలుగుకు పట్టి చూసింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు. నా చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత చచ్చిపోయేదాకా ఆ చీర మాట ఎత్తలేదు. ఎంత కోపం ఉంటే అంత మౌనం.

ఆ రోజంతా నేను చీర వైపు చూడలేదు. ఎవరైనా పసుపు అంటారేమో అని చెవులు మాత్రం పెట్టుకొని ఉన్నాను. ఎవరూ అనలేదు. అంటే తెల్లగానే ఉంది.

మూడేళ్ళకు గని లోపల ఆయన మీద రాయి పేలింది. శవపెట్టెకు మేకులు కొట్టి తెచ్చారు, తెరవనివ్వలేదు. కడపటి ముఖం చూడలేదు నేను. విల్సన్ రెండేళ్ళవాడు, పెట్టె మీద చెయ్యి వేసి కొట్టాడు, తలుపు అనుకొని. ఆ చీరను మడత విప్పకుండా పెట్టె మీద పెట్టి పంపమన్నాను. ఇంట్లో ఉంచుకోవడానికి భయమేసింది.

ఆయన ఆయుస్సును నేను సబ్బు పెట్టి ఉతికాను.

రాశాను. ఊరుకోలేదు.

అక్టోబరు 13, ఆదివారం

చర్చిలో పాట పాడలేదు. పుస్తకం తెరిచి పట్టుకున్నాను.

అక్టోబరు 16, బుధవారం

విల్సన్ రోజూలాగే మాలూరు కంపెనీనుంచి రైలు దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే కంప్యూటరు ముందు నిలబడ్డాడు.

"నాయన ఇట్లుండెనా అమ్మా?"

వాడికి నలభై ఏడేళ్ళు. అడిగేటప్పుడు రెండేళ్ళ గొంతు. తెర మీద ఆ నీలం ముఖం. కాదు అంటే చీర మాట వస్తుంది. చీర మాట వస్తే ఎందుకు పోయాడో వస్తుంది.

"ఊఁ" అన్నాను.

"కొంచం నీలంగా లేదూ?"

"పాత ఫోటో కదప్పా."

"ఇంకేం. ఇరవై అయిదో తేదీలోపు పంపమన్నాడు పలకాయన" అని లోపలికి పోయాడు. ఏంజెలిన్ నన్నే చూస్తోంది. నేను కిటికీలోంచి దిబ్బను చూశాను. పొద్దు కుంకుతుంటే దిబ్బ ఎవరో అన్నం వార్చి పెట్టినట్టు ఆవిరిగా వెలుగుతుంది. ఎప్పుడూ అంతే.

అక్టోబరు 18, శుక్రవారం

వందేళ్ళు. పండగకు వచ్చిన ప్రతివాళ్ళూ ఆ నీలం ముఖం ముందు కొవ్వొత్తి పెడతారు. నేను పోయాక నన్ను ఆయన పక్కనే పెడతారు. అప్పుడు ఏమని చెప్పేది ఆయనకు?

గ్యాసు వాసన వచ్చినట్టయింది. లేదు.

అక్టోబరు 20, ఆదివారం

చెప్పేశాను.

మధ్యాహ్నం వాన. కరెంటు పోయింది. విల్సన్ పడుకున్నాడు. ఏంజెలిన్ కొవ్వొత్తి వెలిగించి నా పక్కన కూర్చుంది. "అవ్వా, ఏమో దాచిపెట్టుకోనుండావు. వారం రోజులుగా కూరలో ఉప్పు లేదు" అంది.

పసుపు, సబ్బు, ఎర్రనీళ్ళు, లాంతరు, మేకులు. అన్నీ చెప్పాను. చెప్తూ ఉంటే ఎవరి కథో చెప్తున్నట్టు ఉంది. తిడుతుందనుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. చదువుకున్న పిల్ల, రాయి పేలేదానికీ పసుపుకూ ఏం సంబంధం అంటుందనుకున్నాను. అదీ అనలేదు.

"లాంతరు వెలుతురులో చూసినావా?" అని అడిగింది.

"ఊఁ."

లేచి రెండు కాగితాలు తెచ్చింది. కొవ్వొత్తి దగ్గర పెట్టింది. "దీంట్లో తెల్లది ఏది?"

రెండూ తెల్లవే. కళ్ళు నులుముకొని చూశాను, ఎడమచేతిది ఇంకా తెల్లగా అనిపించింది. అది చూపించాను. నన్ను వసారాలోకి నడిపించుకొని పోయింది. వాన వెలుతురులో చూస్తే నేను చూపించింది పెండ్లిపత్రిక కవరు. వెన్నరంగు. రెండోదే తెలుపు.

"దీపం పసుపు. దాని ముందర లేత పసుపు గూడా తెలుపే అవ్వా. నువ్వు తెల్లగా ఉతికినావని చెప్పింది లాంతరు. అది సాక్ష్యానికి పనికిరాదు."

"మరి ఏది పనికొస్తాది?"

చాలాసేపు ఫోటో చూసింది. నా చీర వదిలేసింది, ఆయన చొక్కా వదిలేసింది, దాని రంగు ఎవరికీ తెలియదు. చర్చి గోడకు ఎన్నిసార్లు సున్నం వేశారో. వేలు మా ఇద్దరి తలల మధ్య ఆగింది.

"దిబ్బ" అంది. "ఇది మారలేదు గదా."

నిజమే. రాయి పిండిచేసి, బంగారం తీసేసి పారబోసిన పొడి. మట్టి కాదు, ఇసుక కాదు. వానకు కోసుకుపోయి గీతలు పడింది, రంగు మాత్రం మా అమ్మ చూసిందే నేను చూశాను, నేను చూసిందే ఈ పిల్ల చూస్తోంది.

"ఆ గోడ కాడనే నిలబడి, నాలుగు గంటలకు, ముందర తెల్ల అట్టను తీసి, మళ్ళా దిబ్బను తీస్తాను. ఇప్పటి దిబ్బ నిజమైన రంగు దొరుకుతాది. పాత ఫోటోలో దిబ్బను దానికి కలిపితే సరి. నీ చీర ఏ రంగయితే ఆ రంగు వస్తాది."

"అప్పుడు మే నెల. ఇప్పటి ఎండ వేరు కదమ్మా."

"కొంచం తేడా ఉంటాది. నీలం మొగానికంటే మేలు."

"తెలుపే వస్తే?"

ఏంజెలిన్ నా చెయ్యి పట్టుకుంది. "వస్తే ఇద్దరం చూస్తాం" అంది.

అక్టోబరు 21

వాన.

అక్టోబరు 22

వాన. దిబ్బ తడిసి ఏనుగులా ఉంది. తడి ఆరితే గానీ కుదరదట.

అక్టోబరు 23

మబ్బు. కిటికీ దగ్గరే కూర్చున్నాను. నాగరత్న వచ్చి, "ఏమ్మా, దిబ్బలో మిగిలిపోయిన బంగారం నీదేనా, అట్ల కాపలా కాస్తావుండావు?" అంది. నవ్వాను. వారం తర్వాత నవ్వడం. చెంపలు నొప్పి పుట్టాయి.

వానను ఆపమని ప్రార్థన చేయాలో, కొనసాగనిమ్మని చేయాలో తేలక ఊరికే మోకరించి లేచాను.

అక్టోబరు 24, గురువారం

ఎండ.

మూడున్నరకు బయలుదేరాము. శుభ్రంగా ఉతికి పెట్టుకున్న మామూలు చీర కట్టుకున్నాను, ఎందుకో. చర్చి గోడ దగ్గర గడ్డి మోకాళ్ళదాకా ఉంది, పాములుంటాయని కర్రతో కొడుతూ పోయాను. ఏంజెలిన్ ఫోటో చేత్తో పట్టుకొని ముందుకూ వెనక్కూ నడిచి రోనాల్డ్ అన్న నిలబడిన చోటు కనుక్కుంది. "నువ్వు ఆడ నిలబడవ్వా, నీ చోట్లో" అంది.

నిలబడ్డాను. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడ్డాను. వదలాలని అనుకోలేదు. కాళ్ళే వదిలాయి.

తెల్ల అట్ట నా చేతికిచ్చింది. పట్టుకున్నాను. ఎండ నా చేతుల మీద, అట్ట మీద, వెనక దిబ్బ మీద ఒకేలా పడుతోంది. గాలి లేదు. ఎక్కడో కింద నీళ్ళు మెదిలినట్టు అనిపించింది. ఒకప్పుడు ఈ వేళకు గనిలో మందు పేల్చేవాళ్ళు, కాళ్ళ కింద నేల మెత్తగా ఉలిక్కిపడేది. ఇప్పుడు నేల పడుకొని ఉంది.

"అయినాది అవ్వా" అంది. నాకు వినబడలేదు. రెండుసార్లు చెప్పిందట.

ఇంటికి వచ్చాము. నేను వాకిట్లోనే కూర్చున్నాను. లోపల కంప్యూటరు చప్పుడు. దీపాలు పెట్టేవేళ అయినా, రంగు మారిపోతుంది లైటు వేయవద్దు అని ఏంజెలిన్ కేకేసింది. చాలాసేపటికి, "రా అవ్వా" అంది.

దిబ్బ దిబ్బలా ఉంది. ఆకాశం ఆకాశంలా ఉంది. నా పక్కన ఆయన ఉన్నాడు.

అయ్యో, ఆ రంగు నాకు తెలుసు. వేడి రాగిసంగటి ముద్దకు చెయ్యి తడిపి తట్టితే ఒక నిగనిగ వస్తుంది చూడు, ఆ రంగు. రోజూ చేత్తో ముద్ద కడుతూ, రోజూ చూస్తూ, మర్చిపోయాననుకున్నాను. పెదవులు ముదురు. చెవి అంచు మాత్రం ఎండకు ఎర్రగా. ఇరవై నాలుగేళ్ళ మనిషి, చొక్కా మెడ బిగుతై, నవ్వాలా వద్దా అని చూస్తున్నాడు.

చీర చూడలేదు. ఏంజెలినే నా తల పట్టుకొని మెల్లగా అటు తిప్పింది.

చీర పసుపు.

లేత పసుపు. అప్పుడే కోసిన గుమ్మడిపువ్వు తొడిమ దగ్గర ఉండేంత పసుపు. కుచ్చిళ్ళలో ఇంకొంచెం ఎక్కువ, మడతల్లో నా చెయ్యి సరిగ్గా పడనిచోట.

"పోలేదు అవ్వా. ఎంత రుద్దినావో ఏమో, పోలేదు" అంది.

పసుపుతోనే పెండ్లాడాను. పసుపుతోనే ఉన్నాను. అయినా ఆయన పోయాడు. రాయి పేలేటప్పుడు ఎవరి చీరా చూడదు.

విల్సన్ ఎప్పుడు వచ్చాడో మా వెనక నిలబడి ఉన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, తన ముంజేతిని తెర మీద నాయన ముఖం పక్కన పెట్టాడు. తీయలేదు.

"పాపా, ఇదే నా రంగు" అన్నాడు.

అక్టోబరు 25, శుక్రవారం

పలకకు పంపే ముందు విల్సన్, నాయన ముఖం వరకే కత్తిరించమన్నాడు. నేను వద్దన్నాను. ఆయన భుజం పక్కన నా చీర అంచు నాలుగు వేళ్ళంత ఉండాలి అన్నాను. ఏమిటికి అన్నాడు. ఏంజెలిన్, "సుమ్మనే ఉండు నాయనా, అవ్వ చెప్పినట్టు చేస్తాను" అంది.

వాడికి చెప్పాలి. మెల్లగా చెప్తాను. ఇప్పుడు అది చెప్పగలిగే మాటే.

నవంబరు 2, శనివారం

పలక పెట్టారు. సిమెంటు ఆరేదాకా విల్సన్ అరచేత్తో అదిమి పట్టుకొని కూర్చున్నాడు, చిన్నప్పుడు పెట్టె మీద వేసిన ఆ చేత్తోనే. నాగరత్న కూడా వచ్చింది, చామంతులు తెచ్చింది. చూసి, "నల్లనాయనే. అయినా ఎంత బాగుండాడు" అంది. ఏంజెలిన్ ఆమెను చూసి నవ్వింది. "నన్ను గూడా ఇట్లే తీసియ్యి. ఇంగ తెల్లగా వద్దులే" అంది నాగరత్న.

అందరూ పాటలు మొదలుపెట్టాక నేను వంగి చూశాను. పొద్దుటి వెలుతురు పలక మీద పడుతోంది. నాలుగు వేళ్ళ చీర. పొద్దుటి వెలుతురులో ఎవరికైనా కనిపిస్తుంది, అది పసుపని.

అప్పుడు తెలిసింది.

ఆ పొద్దు అమ్మ వాకిట్లో చీర విప్పి వెలుగుకు పట్టింది. నన్ను చూసింది. కోపం కాదు. నేను దొంగచాటుగా ఉతికానని అమ్మకు తెలుసు, పోలేదనీ తెలుసు. చెబితే మళ్ళీ ఉతుకుతానని తెలుసు. అందుకే నోరు మూసుకొని నా చేతుల్లో పెట్టింది.

ఒక్కమాట చెప్పి ఉండవచ్చు కదమ్మా, తర్వాతైనా. నేనూ ఒక్కమాట అడిగి ఉండవచ్చు.

నవంబరు 4, సోమవారం

పొద్దున లేచినప్పటినుంచి ఈ రోజు దేనికి భయపడాలా అని వెతికాను. మధ్యాహ్నం దాకా ఏమీ దొరకలేదు.

సాయంత్రం దొరికింది. విల్సన్ రైలు ఇంకా రాలేదు.